పాటయు, బ్రతుకుతెరువును

గడచిన మార్గశిరమున భజన ముగిసినపిదప ఒక యువకుడు నాయొద్దకు వచ్చి, "స్వామీ! బ్యాంకు ఉద్యోగము మాని సంకీర్తనమునే వృత్తిగా చేసికొందునా?" అని అడిగెను. గళము మధురము. ఇంట వృద్ధులైన తల్లిదండ్రులు, పెండ్లి కావలసిన చెల్లెలు.

త్యాగరాజస్వామి (1767-1847) తంజావూరు రాజాస్థానమును కాదని ఉంఛవృత్తితో జీవించెనని పెద్దలు చెప్పుదురు. అంతమాత్రమున పాటకు ప్రతిఫలము పాపమనరాదు. అన్నమాచార్యుని (1408-1503) కుమారుడు పెదతిరుమలాచార్యుడు తండ్రి సంకీర్తనములను రాగిరేకులపై చెక్కించెను. స్వామికి గ్రామములను సమర్పించెను. రాగి ఊరక రాదుగదా!

కావున పైకము దోషము కాదు. నా భయము వేఱు. నేను జీవితమంతయు జీతమునకే శాస్త్రము చెప్పితిని. నాకు ప్రాణమైన గ్రంథము పరీక్షకు లేనందున ఏండ్ల తరబడి దానిని తెఱువనేలేదు. వృత్తియైనచో గొంతు బొంగురుపోయిన నాడును పాడవలెను. సభ మెచ్చిన కీర్తననే మఱల మఱల పాడవలెను.

"నాయనా! చెల్లెలి పెండ్లియగువఱకు ఉద్యోగము విడువకుము. సెలవుదినములలో సంభావన పుచ్చుకొని పాడుము. ఆ రాత్రి ఇల్లుచేరినపిదప, వినువారెవరును లేకున్నను స్వామియెదుట ఇంకొక కీర్తన పాడబుద్ధి పుట్టునో లేదో చూచుకొనుము" అంటిని.

మొన్న మఱల వచ్చినాడు. తొలి సంభావన ముట్టినదట. ఎంతయో నేనడుగలేదు. ఆ రాత్రి పాడితివా అని మాత్రము అడిగితిని. తల వంచుకొని, "నిద్ర వచ్చినది స్వామీ" అన్నాడు.