చిత్తశుద్ధి - ముదితా భావన

తిరుపతి చేరిన యాత్రికుడు కపిలతీర్థమునందో, కొండపైన స్వామిపుష్కరిణియందో స్నానము చేసి దేహశుద్ధిని పొందును. మరి మనస్సునకు స్నానమేది? దేహమునకు అంటిన మురికి తన కంటికే కనబడును గనుక కడుగుకొనుట సులభము. మనస్సునకు అంటిన మురికి తనకు కనబడదు, ఎదుటివారికి కనబడును. సాధకునకు కలుగు చిక్కంతయు ఇదియే.

మనోమాలిన్యములలో అసూయ మిక్కిలి సూక్ష్మమైనది. కోపించినవాడు కొంతసేపటికైనను తాను కోపించితినని తెలిసికొనును. లోభికి తన లోభము కొంత తెలిసియే యుండును. అసూయాపరుడో, తాను న్యాయమునే పలుకుచున్నానని నమ్మును. శ్రీకృష్ణ పరమాత్మ గీత తొమ్మిదవ అధ్యాయారంభమున రహస్యమైన రాజవిద్యను ఉపదేశింపబోవుచు, అర్జునుని శౌర్యమును గాని, వంశమును గాని చెప్పలేదు. అతడు అసూయ లేనివాడను ఒక్క అర్హతనే పేర్కొనెను. అసూయ యున్నచోట జ్ఞానము నిలువదని దీని భావము.

పతంజలి మహర్షి యమనియమాసనాది అష్టాంగములను రెండవ పాదమున వివరించుటకు పూర్వమే, మొదటి పాదమున ఈ వ్యాధికి మందు చెప్పెను. సుఖముగా నున్నవారియెడ మైత్రి, దుఃఖించువారియెడ కరుణ, పుణ్యము చేయువారియెడ ముదిత, పాపము చేయువారియెడ ఉపేక్ష - ఈ నాలుగు భావనలచే చిత్తము ప్రసన్నమగునని ఆయన నిర్ణయము. తెలుగు కావ్యములలో ముదిత యనగా స్త్రీ. ఇచ్చట సంతోషమని యర్థము. కరుణను అలవరచుకొనుట అంత కష్టము కాదు. బాధపడువాని యెదుట మనము ఒక మెట్టు పైన నుందుము. మనకంటె మంచివాని యెదుట ఒక మెట్టు క్రింద నిలిచి సంతోషించుటయే కష్టము. కనుక చిత్తశుద్ధికి ముదితయే గీటురాయి.

ఈ మందు యోగశాస్త్రమునకు మాత్రమే సొంతము కాదు. బౌద్ధులు ఈ నాలుగింటినే బ్రహ్మవిహారములని పిలిచి ధ్యానమున అభ్యసింతురు. జైనాచార్యుడగు ఉమాస్వాతి తత్త్వార్థసూత్రమున గుణాధికులయెడ ప్రమోదమును విధించెను. పేరు మారినను అది ముదితయే. ఇస్లాము పండితుడగు అల్ గజాలీ (1058-1111) అసూయను హృదయరోగములలో చేర్చి, చికిత్సను కూడ చెప్పెను: ఎవనిపై అసూయ కలుగునో వానిని నిందింపదలచిన నాలుకతోనే ప్రశంసింపవలెను. క్రైస్తవుల సువార్తయందు ద్రాక్షతోట కూలీల కథ యున్నది. ఉదయమునుండి శ్రమించినవారికిని, సాయంకాలము వచ్చినవారికిని యజమాని ఒకే కూలి ఇచ్చెను. ముందు వచ్చినవారు గొణిగిరి. వారు ఒప్పుకొనిన కూలిలో కాసు కూడ తగ్గలేదు. ఇతరునకు కలిగిన మేలే వారికి బాధ.

ఇంతమాత్రమున అన్ని మతముల సిద్ధాంతము ఒక్కటే యనరాదు. బౌద్ధులును జైనులును జగత్కర్తయగు ఈశ్వరుని అంగీకరింపరు. ఆ భేదము భేదమే. అయినను రోగమును గుర్తించుటలోను, పథ్యము చెప్పుటలోను ఇందరు పెద్దలు ఏకీభవించిరనిన, ఆ రోగము మానవులందరిదియు నని తేలుచున్నది.

ఈ ప్రాంతముననే పుట్టిన తరిగొండ వెంగమాంబ (1730-1817) చరిత్ర ఇందుకు తగిన నిదర్శనము. పూర్వపు చిత్తూరు జిల్లాలో గుర్రంకొండ సమీపమున గల తరిగొండ ఆమె జన్మస్థలము. చిన్ననాటనే వైధవ్యము ప్రాప్తించెను. వితంతువులకు విధించిన వేషమును ఆమె అంగీకరింపలేదనియు, అందువలన నిందల పాలయ్యెననియు ఐతిహ్యము. మదనపల్లెకు చెందిన రూపావతారం సుబ్రహ్మణ్యశాస్త్రి ఆమెకు గురువు. ఆమె తిరుమల చేరి, తుంబురుకోనలో యోగసాధన చేసి, వేంకటాచల మాహాత్మ్యమును, రాజయోగామృతసారమును, ద్విపదలో వాసిష్ఠ రామాయణమును రచించెను. నిందలకు నిందలు బదులు చెప్పక, ఆ మనశ్శక్తినంతయు స్వామి సేవకు మరల్చెను. నేటికిని ఏకాంతసేవలో తాళ్లపాకవారి లాలితో పాటు తరిగొండవారి ముత్యాలహారతి జరుగుచున్నది.

ఆమె తెలుగు చేసిన యోగవాసిష్ఠమునే, ఆమె పుట్టుటకు 70 ఏండ్లకు పైగా పూర్వము, 1656లో మొగలు రాకుమారుడు దారా షికో పారసీ భాషలోనికి అనువదింపజేసెను. 1657లో ఏబది ఉపనిషత్తుల పారసీ అనువాదమును వెలువరించెను. అతడు తన మతమును విడువలేదు. వసిష్ఠుని బోధయందు సత్యమును చూచి ఆనందించెను. 1659లో మతద్రోహియను నేరము మోపబడి, తమ్ముడగు ఔరంగజేబు ఆజ్ఞచే వధింపబడెను. పరుల మంచిని చూచి సంతోషించుట ఎంతటి ధైర్యమును కోరునో దీనివలన తెలియుచున్నది.

వైష్ణవులకు ఇచ్చట ఒక సందేహము కలుగవచ్చును. ఇతర మతములలోని మంచిని మెచ్చుకొన్నచో అనన్యభక్తికి లోపము రాదా? అనన్యత్వమనగా శరణాగతి ఒక్కచోటనే నిలుచుట. ఇతరులను ద్వేషించుట కాదు. పొరుగింటి దంపతుల అన్యోన్యతను చూచి సంతోషించినంతనే పతివ్రత వ్రతమునకు భంగము కలుగునా? భగవద్రామానుజులు శ్రీభాష్యమున ధ్రువానుస్మృతికి వివేకము, విమోకము, అభ్యాసము, క్రియ, కల్యాణము, అనవసాదము, అనుద్ధర్షము అను ఏడు సాధనములను గ్రహించిరి. అందు కల్యాణమున సత్యము, ఆర్జవము, దయ, దానము, అహింసలతో పాటు అనభిధ్యయు చేరియున్నది. పరుల సొత్తునకు ఆశపడకుండుట, పరులు చేసిన అపకారమును మనస్సున పెట్టుకొనకుండుట దాని యర్థములు. కనుక అసూయను విడుచుట మన సంప్రదాయమునకు బయటినుండి వచ్చినది కాదు.

ఈ పాఠమునకు పరీక్షాస్థలము వైకుంఠం క్యూ కాంప్లెక్సే. గంటల తరబడి కంపార్టుమెంటులో కూర్చున్న భక్తునకు, పసిబిడ్డ తల్లియో, నడువలేని వృద్ధుడో వేరొక దారిన ముందుగా దర్శనమునకు పోవుట తెలియును. అప్పుడు మనస్సు గొణిగినచో ద్రాక్షతోట కూలివాడు మనలోనే యున్నాడు. వారికైనను త్వరగా దర్శనమగుచున్నదని సంతోషించినచో, గర్భాలయమును చేరకముందే సగము ఫలము చేతికి వచ్చినట్లే. అక్రమముగా చొరబడువానిని చూచి సంతోషింపవలెనని శాస్త్రము చెప్పలేదు. తప్పును తప్పని చెప్పవచ్చును, అధికారులకు తెలుపవచ్చును. వానినే తలచుకొనుచు స్వామి సన్నిధి వరకు పోరాదు. ఉపేక్ష యనగా అదియే.

ఇంటికి చేరిన పిదపను ఈ సాధన సాగవలయును. సంధ్యాదీపము వెలిగించి కన్నులు మూసికొని, ఆనాడు పరులు చేసిన ఒక్క సత్కార్యమును తలచుకొని, మనసార సంతోషింపవలెను. ఆ పరుడు మనకు గిట్టనివాడైనను, అన్యమతస్థుడైనను మరింత మేలు. గట్టి మురికికి గట్టి తోముడు కావలయును గదా. 1984లో ఒక ముస్లిం భక్తుడు సమర్పించిన 108 బంగారు పుష్పములతో శ్రీవారికి అష్టదళ పాదపద్మారాధన ఆరంభమైనది. తెచ్చినవాని మతమును చూడక స్వామి పాదములు ఆ పుష్పములను స్వీకరించినవి. ఆ పాదములను సేవించువారి మనస్సులును అంత విశాలములగునట్లు శ్రీనివాసుడు అనుగ్రహించుగాక.