క్షమ ఎవరి సొత్తు?

చైత్ర శుద్ధ నవమి వచ్చినదన్న తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణములలో వీధివీధిన చలువపందిళ్లు వెలయును. పానకము, వడపప్పు పంచుదురు. రాత్రి హరిదాసు గజ్జెలు కట్టి, చిడతలు పట్టి భక్త రామదాసు చరిత్రము నెత్తుకొనును. గోల్కొండ చెఱసాలలో గోపన్న పడిన బాధలు వినుచు తల్లులు కన్నులొత్తుకొందురు. రామలక్ష్మణులు రామోజీ, లక్ష్మోజీ అను పేర్లతో నడిరేయి తానీషా కడకు వచ్చి, ఆరు లక్షల మొహరీలు కుప్పగా పోసి, చెల్లుచీటి వ్రాయించుకొను ఘట్టము రాగానే పందిరి యంతయు రామనామముతో మారుమ్రోగును.

ఈ కథ అందఱు నెఱిగినదే. అయినను అందొక విశేషము తఱచుగా మనస్సున నిలువక జారిపోవుచున్నది. శ్రీరాముడు తలచినచో చెఱసాల తలుపులు వాటంతట అవియే తెఱచుకొనియుండెడివి. లేదా తానీషా హృదయమున ప్రవేశించి, “గోపన్నను క్షమించి విడువుము” అని పలికించియుండవచ్చును. ఆ స్వామి అట్లు చేయలేదు. బాకీ తీర్చి, రసీదు పుచ్చుకొని, అటు పిమ్మట భక్తుని విడిపించెను. పాల్వంచ తహసీల్దారైన కంచెర్ల గోపన్న స్వార్థమునకై కాసు వాడుకొన్నవాడు కాడు. భద్రాద్రిపై రామునకు గుడి కట్టించినవాడు. ఆయన మేనమామలైన అక్కన్న, మాదన్నలు గోల్కొండ కొలువున మంత్రిపదవులలో నుండిరి. అయినను సొమ్ము ప్రజల శిస్తు, ఖజానాకు చేరవలసినది. మంత్రుల బంధుత్వము ఆ లెక్కను చెరపలేకపోయినది. దైవము సయితము చెరపలేదు, చెల్లించినది.

ఈ కథను హృదయమున నిలుపుకొన్నవారికి నేటి కాలపు ప్రశ్న యొకటి ఎదురగుచున్నది. ప్రజాధనమును అపహరించినట్లు న్యాయస్థానమున రుజువై శిక్షపడిన రాజకీయ నాయకునకు దేశాధ్యక్షుడు క్షమాభిక్ష పెట్టుట ధర్మమా?

భారత రాజ్యాంగము 72వ అధికరణము ద్వారా రాష్ట్రపతికి, 161వ అధికరణము ద్వారా గవర్నరునకు శిక్షను రద్దుచేయుటకు, తగ్గించుటకు, మార్చుటకు అధికారమునిచ్చినది. మంత్రిమండలి సలహాపైననే ఈ అధికారమును వినియోగింపవలెనని సుప్రీంకోర్టు 1980లో మారూరాం కేసున తేల్చినది. చిక్కు ఇచటనే యున్నది. శిక్షపడినవాడు పాలకపక్షమునకు చెందినవాడైనచో సలహా యిచ్చువారు అతని సహచరులే యగుదురు. అడుగువారును, ఇచ్చువారును ఒకే పంక్తిలో కూర్చుండినవారైనప్పుడు నష్టపోయినవాని మాట వినువారెవరు?

ఆంధ్రప్రదేశమున ఇట్టి సందర్భ మొకటి యెదురైనది. అది అవినీతి కేసు కాదు, ప్రాణములు పోయిన కేసు. అయినను అందలి నీతి యొక్కటే. పదేండ్ల శిక్ష పడిన కాంగ్రెసు నాయకుడు గౌరు వెంకటరెడ్డికి మిగిలిన శిక్షను 2005లో నాటి గవర్నరు సుశీల్ కుమార్ షిండే మాఫీ చేసిరి. ఆయన భార్య అప్పుడు శాసనసభ్యురాలు. ఆయన మంచి పార్టీ కార్యకర్త యన్న మాట అధికారుల నివేదికలలో చోటుచేసికొన్నది. హతుల కుటుంబీకులు సుప్రీంకోర్టు నాశ్రయించిరి. 2006 అక్టోబరు 11న న్యాయమూర్తులు అరిజిత్ పసాయత్, ఎస్.హెచ్. కపాడియా ఆ ఉత్తర్వును కొట్టివేసిరి. కులము, మతము, రాజకీయ విధేయత క్షమాభిక్షకు ఆధారములు కారాదనియు, అట్టి ఉత్తర్వులను న్యాయస్థానము పరిశీలింపవచ్చుననియు ఆ తీర్పు స్పష్టము చేసినది.

ఇతర దేశములలోను ఇదే ప్రశ్న తలయెత్తినది. లంచము కేసులలో శిక్షపడిన దక్షిణ కొరియా మాజీ అధ్యక్షురాలు పార్క్ గున్ హేకు 2021 డిసెంబరులోను, మఱియొక మాజీ అధ్యక్షుడు లీ మ్యుంగ్ బాక్‌కు 2022 డిసెంబరులోను క్షమాభిక్ష లభించినది. లీ విషయమున చెల్లింపక మిగిలిన జరిమానా కూడ మాఫీ యైనది. అమెరికాలో, ఖాళీయైన సెనేట్ స్థానమును అమ్మజూపెనన్న నేరమునకు పదునాలుగేండ్ల శిక్ష పొందిన ఇల్లినాయ్ మాజీ గవర్నరు బ్లగోయెవిచ్ శిక్షను అధ్యక్షుడు ట్రంప్ 2020లో తగ్గించి, 2025లో పూర్తిగా క్షమించెను. రామోజీ చెల్లుచీటిని తలచుకొన్నవారికి వీనిని చూచినపుడు మనస్సు కలుక్కుమనక మానదు.

అయితే పూర్వపక్షము లేకపోలేదు. “వైష్ణవ ధర్మమునకు దయయే ప్రాణము గదా! శరణన్న విభీషణుని రాముడు చేకొనెను. తన్ను హింసించిన రాక్షసస్త్రీలను చంపుదునన్న హనుమంతుని సీతమ్మ వారించెను. అట్టి సంప్రదాయమువారు క్షమను కాదనవచ్చునా?” అని కొందఱడుగుదురు. ఈ ప్రశ్న త్రోసిపుచ్చదగినది కాదు. సమాధానము మాత్రము శ్రీమద్భాగవతము నవమస్కంధమున, అంబరీషోపాఖ్యానమున దొరకును.

ద్వాదశీ పారణ వేళ అంబరీషునిపై అలిగి దుర్వాసుడు కృత్యను ప్రయోగించెను. సుదర్శనము కృత్యను దహించి మునిని వెన్నంటినది. బ్రహ్మ రక్షింపలేదు, రుద్రుడు రక్షింపలేదు. చివరకు వైకుంఠమునకు పరుగిడి శ్రీహరి పాదములపై బడెను. చక్రము ఎవరిదో ఆ స్వామియే యెదుట నున్నాడు. కనుసైగ చేసిన చాలును. కాని తాను భక్తపరాధీనుడననియు, అపరాధము ఎవరియెడ జరిగెనో వారినే వేడుకొనుమనియు చెప్పి ఆ మునిని శ్రీహరి అంబరీషుని కడకే పంపెను. ఆ రాజు ముని తిరిగి వచ్చువఱకు నీరు మాత్రమే పుచ్చుకొని వేచియుండెను. కాళ్లపై బడిన మునిని చూచి సిగ్గుపడి, ఆయనకై తానే చక్రమును స్తుతించి శాంతింపజేసెను.

క్షమ నష్టపోయినవాని సొత్తు అని ఈ కథ తెలుపుచున్నది. సీతమ్మ రాక్షసస్త్రీలను క్షమించినది. ఆ బాధ తాను పడినది కనుక క్షమించు హక్కు ఆమెకు గలదు. పరుల గాయమును క్షమించుటకు సర్వేశ్వరుడే సంకోచించినాడు. అట్టిచో ఐదేండ్ల పదవీకాలము గల మానవమాత్రున కెట్టి హక్కు? రాష్ట్రపతి చేతనున్న క్షమ ప్రజలు దాచియుంచుమని అప్పగించిన నిక్షేపము. దానిని ఇష్టులకు పంచుట, దేవుని హుండీ నుండి చుట్టములకు కానుకలిచ్చుట వంటిది.

ప్రజాధనము విషయమున అంబరీషుడెవరు? కృష్ణా పశ్చిమ డెల్టాను తలచుకొన్న తెలియును. కాలువ పూడికతీత సొమ్ము కాగితములపై ఖర్చైనచో, తెనాలి దాటిన నీరు రేపల్లె చివరి చేలకు అందదు. 1977 నవంబరు 19 నాటి తుపానును, ఉప్పెనను ఎఱిగిన ఈ తీరమున తుపాను ఆశ్రయమునకు వేయవలసిన సిమెంటు మఱియొకరి మేడకు తరలినచో, గాలివాన రాత్రి బిడ్డల నెత్తుకొని పరుగిడు తల్లి అంబరీషుడు. హత్య జరిగినచో హతుని బంధువులు న్యాయస్థానమునకు పోగలరు, 2006లో పోయిరి. పొలమెండిన రైతు తన నీరు ఏ సంతకముతో మాయమైనదో ఎఱుగడు. నష్టము లక్షలమందికి పంపకమై, నేరము ఒక్కని చేతులలో నిలుచును. కావుననే నేరస్థుని పక్షమున పలుకువారు పెక్కురు. రైతు పక్షమున రాష్ట్రపతి ద్వారము తట్టువాడు లేడు.

కావున క్షమాభిక్ష బొత్తిగా కూడదనుట ధర్మము కాదు. మానవుల తీర్పులలో పొరపాటు దొర్లవచ్చును. దానిని దిద్దుటకు ఒక ద్వారము తెఱచియుండవలసినదే. ముదిమి, ప్రాణాంతక వ్యాధి దయను కోరును. అయితే ఆ దయ రాజమహేంద్రవరము కారాగారమున ఎవ్వరును పలుకరింపని ముసలి ఖైదీకి ఏ కొలతతో లభించునో, మాజీ మంత్రికిని ఆ కొలతతోనే లభింపవలెను. కాకాసురుని రాముడు ప్రాణములతో విడిచెను. అస్త్రము మాత్రము ఒక కంటిని తీసికొన్నది. శిక్షను తగ్గించుట వేఱు, దోషమును తుడిచివేయుట వేఱు. శిక్ష తగ్గినంత మాత్రమున దోషనిర్ణయము తొలగదనియు, ఎన్నికలలో అనర్హత పోదనియు సుప్రీంకోర్టు ఏనాడో చెప్పియున్నది. రోగియైన నాయకుని ఇంటికి పంపవచ్చును. ఖజానా తాళపుచెవి మాత్రము మరల చేతికీయరాదు. అంతకు ముందు దుర్వాసునివలె తప్పు నొప్పుకొనవలెను. గోపన్న బాకీవలె సొమ్ము పైసాతో సహా తిరిగి చేరవలెను. క్షమించుటకు గల కారణములు ప్రజలెల్లరు చదువునట్లు ప్రకటింపబడవలెను.

తెనాలి నుండి బాపట్ల భావనారాయణస్వామి దర్శనమునకు పోవు యాత్రికులకు త్రోవలో పొన్నూరు తగులును. అచట వెలసిన స్వామి పేరు సాక్షి భావనారాయణుడు. నోరులేనివాని పక్షమున సాక్ష్యము చెప్పుటకు కాశీ నుండి తరలివచ్చెనని స్థలపురాణము. క్షమాభిక్ష పత్రముపై సంతకము చేయువారు ఆ క్షణమున ఆ స్వామిని ఒక్కమారు తలచుకొన్న చాలును. ఎదుట అర్జీ పెట్టుకొన్నవాడు కనబడుచున్నాడు. కనబడని రైతునకు, తల్లికి సాక్షి ఎవరో అప్పుడు తెలియగలదు. ఆ సాక్షి సన్నిధిని నిలువగల దయయే దయ. అట్టి దయను మన పాలకులకు శ్రీమన్నారాయణుడు ప్రసాదించుగాక.