సాధకునకు గురువును సంఘమును ఏల?

ధర్మగ్రంథములు సులభముగా లభించు కాలమున విద్యావంతు లనేకులు "చదువుటకు గ్రంథము గలదు, విచారించుటకు బుద్ధి గలదు, ధ్యానించుటకు ఏకాంతము గలదు, ఇంక గురువేల, సంఘమేల?" అని యడుగుచున్నారు. ఈ ప్రశ్న త్రోసిపుచ్చదగినది కాదు. గురుదక్షిణకు పాపక్షయమును, పాదోదకమునకు మోక్షమును ముడివెట్టిన దేశమున బుద్ధిమంతుడు గురుశబ్దము వినినంతనే వెనుదీయుట సహజమే. అయినను కల్లగురువునుండి తప్పించుకొనబోయి గురుత్వమునే విడనాడుట మేలగునా యని మేము చదువరులతో గూడి విచారింపదలచితిమి.

ఇందులకు సాక్ష్యము మన సీమలోనే కలదు. మచిలీపట్టణమునకు అనతిదూరమున, దివిసీమలోని ఘంటసాలయందు బౌద్ధస్తూపపు అవశేషములు నేటికిని నిలిచియున్నవి. గుడివాడయందును అట్టివి బయల్పడినవి. నాగార్జునకొండయందలి క్రీ. శ. 3వ శతాబ్దపు శాసనమొకటి బోధిసిరి యను నుపాసిక దానములను తెలుపుచున్నది. ఆమె కంటకసెలలో, అనగా మన ఘంటసాలలో, మహాచైత్యపు తూర్పువాకిట రాతిమండపమును కట్టించెను. కాశ్మీరము, గాంధారము, చీనా మున్నగు దేశములవారిని ధర్మమునకు మరల్చిన సింహళాచార్యులకొఱకు శ్రీపర్వతమున చైత్యగృహమును నిర్మించెను. ఆ పుణ్యమున తన బంధువులనుగూడ చేర్చుకొనెను. ఆచార్యులు, భిక్షుసంఘము, గృహస్థకుటుంబము ఈ మూడింటి కూడికవలన ధర్మ మిచట వర్ధిల్లెనుగాని, ఒంటరివాని సొత్తుగా కాదు.

సంస్కృతమున 'ధ్యాన'మనబడునదే చీనాలో 'చాన్' అనియు, జపానులో 'జెన్' అనియు పేరొందెను. ఆ మార్గమువారు తమ గురుపరంపరలో నాగార్జునాచార్యుని పదునాలుగవవానిగా లెక్కింతురు. సత్యము అక్షరములచేత మాత్రమే చేతికందునది కాదనియు, మెలకువ గొన్నవాని సన్నిధిని మెలకువ కలుగుననియు వారి మతము. 1223వ సంవత్సరమున జపానునుండి చీనాకు పోయిన డోగెన్ అను యువభిక్షువు ఓడలోనుండగా, ఒక మఠపు వంటవాడగు వృద్ధభిక్షువు పుట్టగొడుగులు కొనుటకై వచ్చెను. ఇంత వయసున ధ్యానమును గ్రంథవిచారమును మాని వంటపని యేల యని డోగెన్ అడుగగా, ఆ వృద్ధుడు నవ్వి, సాధన యన నేమో నీ కింకను తెలియలేదనెను. పిమ్మట గొప్ప గురువైన డోగెన్ ఈ మాటను తానే 1237లో వ్రాసియుంచెను. గ్రంథము మన యజ్ఞానమును చూచి నవ్వదు. మన కిష్టమైన పుటను తెఱచిన తెఱచుకొనును, కష్టమైన పుటను మూసిన మూసికొనును. మన యహంకారమును మనకు చూపుటకు మఱియొక మనుష్యుడే కావలెను. కూచిపూడిలో నాట్యము నేర్చు బాలుడు శాస్త్రమును కంఠస్థము చేసినను, తప్పిన యడుగు గురువు కంటికే తెలియును గదా! కాలి యడుగునకే యిట్లయిన, మనస్సు అడుగులమాట చెప్పవలయునా?

అయిన గురువే తప్పిన గతి యేమి? ఇది ఊహామాత్రము కాదు. 1983లో శాన్‌ఫ్రాన్సిస్కో నగరపు జెన్ కేంద్రమున పీఠాధిపతి నడవడినిగూర్చి గొప్ప కలత పుట్టెను. ఆయన పీఠమును వీడినపిమ్మట ఆ సంఘము అధిపతులకు కాలపరిమితి నేర్పఱచుకొనెను. శిష్యుడు తన దోషమును తాను చూడలేనట్లే గురువును చూడలేడు. పైగా పొగడువారు చుట్టును చేరినకొలది ఆయన కన్ను మఱింత మూసికొనును. కావుననే సంఘము. బుద్ధభగవానుడు తనకు వారసుడుగా నొక వ్యక్తిని నిలుపలేదు. ధర్మవినయములనే గురువుగా విడిచెను. వర్షావాసము ముగిసిన దినమున భిక్షువు లందఱు కూడి, నాయందు చూచిన, వినిన, శంకించిన దోషమును చెప్పుడని యొకరినొకరు వేడుకొను నియమము కలదు. దానికి 'ప్రవారణ' యని పేరు. అందు మొదట చేయి మోడ్చువాడు పిన్నవాడు కాడు, పెద్దస్థవిరుడే. గురువును పరీక్షించుటకు ఇంతకంటె మంచి గీటురాయి మాకు కానరాదు. తన దోషమును చెప్పుమని యడుగగలవాడు గురువు. చెప్పినవానిని వెలివేయువాడు, ఎంత పండితుడైనను, గురువు కాడు.

కావున మనస్సాక్షిని గురువునకు తాకట్టు పెట్టుమని మేము చెప్పము. గురువు సాధకుని మేలుకొలుపును, సంఘ మిరువురను కాపాడును, వివేకము మూటిని తూచును. ఇందులో నేది తొలగినను తక్కినవి చెడును. గురువులేని సంఘము కాలక్షేపగోష్ఠి యగును. సంఘములేని గురువు నిరంకుశుడగును. ఈ రెండును లేని సాధకుడు తన మాటకు తానే తలయూపుచుండును. బందరున గాని, గుడివాడలో గాని, దివిలోని పల్లెలో గాని, నలుగురైదుగురు గృహస్థులు వారమున కొకదినము కూడి, మౌనముగ కూర్చుండి, తమకంటె ముందు నడచినవానిని ప్రశ్నించి, తమ దోషములను మన్ననతో చెప్పికొని వినగలిగిన, అదియే సంఘము. అందులకు ధనము వలదు, మందిరము వలదు. తన తప్పును పరుని నోట వినగల గుండె యుండిన చాలును.