ఇటుకా, శిల్పమూ, శ్రమా

శిల్పి చెయ్యి తాకని వస్తువు శిల్పమౌతుందా? 1960 తర్వాత న్యూయార్కులో ఈ ప్రశ్న గట్టిగా లేచింది. కొందరు శిల్పులు ఉలిని పక్కకు పెట్టి ఇనుపరేకు, అల్యూమినియం, ఇటుక, ట్యూబులైటువంటి కార్ఖానా సరుకును దాదాపు ఉన్నదున్నట్టుగా ప్రదర్శనశాలకు తెచ్చారు. విమర్శకులు దీన్ని మినిమలిజం అన్నారు.

వారి వాదం తేలిగ్గా తోసివేయదగింది కాదు. ఇటుక మరి దేనికో ప్రతీక కాదు, ఇటుకే. దైవదత్త ప్రతిభ, ఆవేశం అంటూ కళచుట్టూ అల్లిన పొగను వారు చెదరగొట్టారు. భౌతికవాదికి నచ్చవలసిన మాటే ఇది. నాకూ నచ్చింది, కొంతదూరం వరకు.

కార్ల్ ఆంద్రే 1966లో ఎనిమిది కూర్పులు ప్రదర్శించాడు. ఆకారాలు వేరు, ఇటుకలు మాత్రం ఒక్కొక్కదానికీ 120. ప్రదర్శన అయ్యాక అమ్ముడుపోని ఇటుకలను కార్ఖానాకే తిరిగి ఇచ్చేశాడు. శిల్పం మళ్ళీ సరుకైపోయింది! తర్వాత ఆ కూర్పులనే మళ్ళీ చేయబోతే ఆ కార్ఖానా మూతపడి ఉంది. కొలిములు కట్టే ఇటుకలు కొని పేర్చాడు. ఎనిమిదవ కూర్పును లండనులోని టేట్ 1972లో కొన్నది. 1976లో పత్రికలు ప్రజాధనం దుబారా అయిందని గగ్గోలు పెట్టాయి; ఎవరో దానిమీద నీలిరంగు కూడా పోశారు. ఆ రభస అంతా ధర గురించే. మూతపడ్డ కార్ఖానాలో పనిచేసినవాళ్ళు ఏమయ్యారన్నది ఆ తగవులోకి రాలేదు.

ఆంద్రే శ్రమ ఎరగనివాడు కాదు. 1960 నుంచి 1964 దాకా పెన్సిల్వేనియా రైల్వేలో బ్రేకుమానుగా పనిచేశాడు. కాబట్టి ఇక్కడ ప్రశ్న శిల్పి ఉద్దేశాన్ని గురించి కాదు.

డొనాల్డ్ జడ్ సంగతి చూడండి. 1964 నుంచి ఆయన తన పెట్టెలను బెర్న్‌స్టీన్ బ్రదర్స్ అనే రేకుపని కార్ఖానాలో చేయించాడు. అంచు తీరుగా మడవాలి, చేతిగుర్తు కనిపించకూడదు. పనివాడికి గట్టి నేర్పు లేనిదే ఆ నునుపు రాదు; ఆ నేర్పు పెరిగినకొద్దీ పనివాడే కనిపించకుండా పోతాడు. కొన్ని పెట్టెలమీద జడ్ పేరుతోపాటు కార్ఖానా పేరూ ముద్రవేశారు. మెచ్చుకోవలసిందే. అయితే ఆ ముద్ర ఉండేది వెనుకవైపు.

పద్యం అచ్చువేస్తే కాగితం చేసినవాడి పేరు వేస్తామా అని అడగవచ్చు. వేయం. కాని పద్యం తాను కాగితమేనని చెప్పుకోదు. ఈ శిల్పం మాత్రం తనలో సరుకు తప్ప మరేమీ లేదంటుంది. అలాంటప్పుడు ఆ సరుకు ఎవరి చేతులమీదుగా వచ్చిందన్నది శిల్పానికి బయటి విషయం ఎలా అవుతుంది?

1971లో అమెరికాలోని మినియాపొలిస్‌లో రిచర్డ్ సెరా ఉక్కుశిల్పాన్ని నిలబెడుతూండగా పలక మీదపడి ఒక కార్మికుడు మరణించాడు. సెరాను మినిమలిస్టుల తర్వాతి తరంలో చేరుస్తారు; ఇనుము బరువే ఆయనకు ముఖ్యం. ఆ మరణాన్ని ప్రమాదాల పట్టీలో వ్రాయాలా, ఆ శిల్పం చరిత్రలో వ్రాయాలా? సరుకే శిల్పమన్నవారు రెండవదే ఒప్పుకోవలసి ఉంటుంది.