మోడల్ అడగని నీళ్లు

గట్టిగా కనబడేదంతా బలంగా ఉన్నట్టేనా? నల్లగొండ ఎముకల సంగతి చూస్తే కాదనే అనాలి. ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్లు ఏళ్ల తరబడి తాగినవాళ్ల వెన్నెముక ఎక్స్‌రేలో మామూలు కంటే చిక్కగా, తెల్లగా కనిపిస్తుంది. చిక్కబడ్డ ఎముకే పెళుసుగానూ మారొచ్చు. 1990లో అమెరికాలో మేయో క్లినిక్ పరిశోధకులు ఒక ఫలితం ప్రచురించారు. ఎముకలు గుల్లబారిన స్త్రీలకు నాలుగేళ్లు ఫ్లోరైడ్‌ని మందుగా ఇస్తే నడుము దగ్గరి వెన్నెముక సాంద్రత 35 శాతం పెరిగింది. వెన్నుపూసల ఫ్రాక్చర్లు మాత్రం చెప్పుకోదగ్గంత తగ్గలేదు. మిగతా ఎముకలు ఇంకా ఎక్కువ విరిగాయి.

ఇక కంప్యూటర్ లెక్క దగ్గరికి వద్దాం. 2008లో షెఫీల్డ్ యూనివర్సిటీ నుంచి వచ్చిన ఫ్రాక్స్, రాబోయే పదేళ్లలో ఎముక విరిగే అవకాశం ఎంతో శాతంలో చెప్తుంది. వయసు, బరువు, పాత ఫ్రాక్చర్లు, అమ్మానాన్నల్లో ఎవరికైనా తుంటి విరిగిందా, సిగరెట్, మద్యం, వీలైతే తుంటి దగ్గరి ఎముక సాంద్రత అడుగుతుంది. సాంద్రత పెరిగితే ప్రమాదం తగ్గుతుంది. చాలామందికి పనికొచ్చే లెక్కే. కానీ అది మద్యం తాగుతావా అని అడుగుతుంది, ఏ నీళ్లు తాగావని అడగదు.

మర్రిగూడలో ఒక పెద్దమనిషికి ఆ లెక్క వేస్తే, ఫ్లోరైడ్ పెంచిన సాంద్రతే ఆయనకి మంచి మార్కులు వేయిస్తుంది. కోడ్‌లో బగ్ ఏమీ లేదు. ఒక కాలమ్ లేదు, అంతే. సీటీ స్కాన్ నుంచి ఎముక నమూనా కట్టి, దానిమీద బరువు మోపి చూసే మోడళ్లూ ఉన్నాయి. అవీ మామూలుగా సాంద్రతను బట్టే బలాన్ని అంచనా వేస్తాయి. ఆ సూత్రం వేరే ఎముకల మీద కొలిచి రాసుకున్నదైతే, ఇక్కడి ఎముకకి ఎంతవరకు వర్తిస్తుంది?

మిషన్ భగీరథ వచ్చింది కదా, ఇంకా ఈ గొడవెందుకు అనొచ్చు. మంచి నీళ్లు రేపటి పిల్లల్ని కాపాడతాయి. నలభై ఏళ్లు తాగేసినవాళ్ల వెన్నుని నిటారు చెయ్యవు. బాత్రూంలో పట్టుకోడానికి ఒక కడ్డీ ఎవరింట్లో ముందు బిగించాలో తేల్చడానికి వాళ్లకి ఈ లెక్క కావాలి.

తెలియకపోవడం మోడల్ నేరం కాదు. తెలియనిదాన్ని 'ప్రమాదం తక్కువ' అని చూపించడం మాత్రం అన్యాయం, ఎందుకంటే ఆ అంకెని నమ్మి నడిచేది, పడేది ఇంకొకరు. అలాంటి చోట తెర మీద శాతం కాదు, ఒక ప్రశ్న రావాలి: మీది ఏ ఊరు, ఏ బోరు, ఎన్నేళ్లు తాగారు?