పసుపు మంట

నర్సంపేటలో పాకాల రోడ్డు మీద ఒకాయన టిఫిన్ సెంటర్ నడుపుతుండేవాడు. పొద్దున పూరీ, ఉప్మా. సాయంత్రం మిర్చి బజ్జీ. ఊరి శివారులో ఎకరం మిర్చి చేను కూడా ఉంది. పనిలో చురుకే గాని ఓపిక తక్కువ.

మేడారం జాతరలో అంగడి పెట్టుకోవడానికి వేరే పొయ్యి పట్టుకుపోయాడు. ఇక్కడి పొయ్యి పక్షం రోజులు మూలన పడి ఉంది. తిరిగొచ్చి ముట్టిస్తే, నీలంగా సూటిగా లేవాల్సిన మంట పసుపుపచ్చగా అటూ ఇటూ ఊగింది. కడాయి అడుగు నల్లబడింది. నూనె సరిగా కాగక బజ్జీలు మెత్తగా, జిడ్డుగా దిగుతున్నాయి.

గ్యాస్ తక్కువైందని తేల్చేశాడు. నాబు మొత్తం తిప్పాడు. మంట పెరిగింది, దాంతోపాటు మసీ పెరిగింది. 19 కిలోల సిలిండర్ సగం ఉండగానే తీసేసి కొత్తది బిగించాడు. రెగ్యులేటర్ కూడా మార్చాడు. మంట మాత్రం మారలేదు. సిలిండర్ ఇచ్చినవాణ్ని మోసగాడన్నాడు, పొయ్యి కడిగే పనివాణ్ని తిట్టాడు. చీకటి పడేసరికి దుకాణం నిండా పొగ, అందరికీ తలనొప్పి. గిరాకీ పక్క బండికి మళ్లింది.

చివరికి, కిరోసిన్ పంపు స్టవ్‌ల కాలం నుంచీ పొయ్యిలు బాగుచేసే ముసలాయనకు కబురు పెట్టాడు. ఆయన వస్తూనే తలుపులన్నీ బార్లా తీయించాడు. సంచి విప్పకుండా కాసేపు మంటనే చూస్తూ కూర్చున్నాడు.

"ఏం జూస్తున్నవ్ తాతా? ప్రెషర్ పెంచరాదు!"

"అది నువ్వు పెంచినవ్ గద బిడ్డా. ఏమైంది?"

యజమాని నోరు మెదపలేదు.

"మొన్నటి వానలకు నీ మిర్చి చేను పసుపుపచ్చగ తిరిగింది గద. ఏం జేసినవ్?"

"యూరియా సల్లిన."

"తేరుకున్నదా?"

"యాడ తాతా! సాళ్లల్ల నీళ్లు నిలిచి వేర్లకు గాలి ఆడలే. కాలువ దీసి నీళ్లు ఎల్లగొట్టినంకనే చెట్టు లేసింది."

"గిదీ గంతే. పచ్చబడంగనే ఆకలి అనుకున్నవ్. తిండి సాలినంత ఉన్నది బిడ్డా. ఊపిరే ఆడుతలేదు."

సిలిండర్ వాల్వు కట్టేసి, చల్లారాక బర్నర్ విప్పాడు. గ్యాస్, గాలి కలిసే గొట్టం మొదట్లోనే సాలెగూడు! మన సిలిండర్‌లో ఉండేది ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమం. ఒక పాలు ప్రొపేన్ పూర్తిగా మండాలంటే దాదాపు 24 పాళ్ల గాలి కావాలి, బ్యూటేన్‌కైతే 31 పాళ్లు. అంత గాలి అందనప్పుడు కాలకుండా మిగిలిన బొగ్గు రేణువులే ఎర్రగా కాగి మంటకు పసుపు రంగునిస్తాయి, గిన్నెకు మసై అంటుకుంటాయి. తలనొప్పి తెచ్చే కార్బన్ మోనాక్సైడ్ పుట్టేదీ అప్పుడే.

ముసలాయన సన్నటి బ్రష్షుతో గొట్టం శుభ్రం చేశాడు. యజమాని సూది తెచ్చి గ్యాస్ వచ్చే జెట్టులో పొడవబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఇత్తడి బొక్క పెద్దగైతే గ్యాస్ ఎక్కువొస్తది. మల్ల గదే తిప్పలు."

అన్నీ బిగించి, కీళ్ల మీద సబ్బునీళ్లు పూసి, బుడగలు రావడం లేదని చూసుకున్నాక ముట్టించాడు. మంట నీలంగా నిలబడింది.

యజమాని సంబరపడి, గాలే మందనుకుని, గొట్టంలోకి గాలి వదిలే రేకు మొత్తం తెరిచాడు. మంట బుస్సుమంటూ బర్నర్ మీదినుంచి పైకి లేచి ఆరిపోయింది. ముసలాయన నాబు కట్టి, కాస్త ఆగి మళ్లీ ముట్టించాడు. రేకును కొంచెం కొంచెం మూస్తూ, మంట బర్నర్‌ను అంటిపెట్టుకున్న చోట ఆపాడు.

"మందు దొరికిందని సీసా మొత్తం తాగుతరా కొడుకా?" అని కూలి తీసుకుని వెళ్లిపోయాడు.

నీతి: కొరత ఏమిటో తెలియకుండా పెంచితే మిగిలేది మసే. చదువులో వెనకబడిన పిల్లవాడికి కళ్లు సరిగా కనబడుతున్నాయో లేదో చూడకుండా ఇంకో ట్యూషన్ పెడతాం. నష్టం ఎక్కడుందో చూడకుండా దుకాణానికి ఇంకో అప్పు తెస్తాం. ఉన్నదాన్నే మరింత పోయడం తేలిక, లేనిదేదో కనిపెట్టడానికే ఓపిక కావాలి. దొరికిన మందునైనా కొలత ప్రకారమే వాడాలి.

కాబట్టి మీ ఇంట్లో మంట పచ్చబడితే నాబు పెంచకండి, గాలి దారి చూడండి. గ్యాస్ వాసన వస్తే మాత్రం పరీక్షలకు దిగవద్దు. స్విచ్‌లు ముట్టుకోకుండా వాల్వు కట్టి, తలుపులు తీసి, బయటికొచ్చి 1906కు ఫోన్ చేయండి.