పరయంత్ర ప్రవేశము

గత సంక్రాంతి సెలవులలో మా మేనల్లుడు గుడివాడనుండి బందరు వచ్చినప్పుడు, నేను వాని యీడున ఆడిన యొక ఆటను వానికి చూపవలెనని నాకు కోరిక పుట్టినది. దాని పేరు 'ప్రిన్స్ ఆఫ్ పర్షియా'. అమెరికా దేశీయుడైన జోర్డన్ మెక్నర్ 1989లో ఆపిల్ యంత్రమునకై రచించిన యీ ఆట మరుసటి యేట డాస్ నడచు కంప్యూటర్లకు వచ్చినది. చెరలో పడిన యువకుడొకడు 60 నిమిషములలో రాకుమార్తెను చేరి విడిపింపవలెను. కథ యింతే. కాని ఆ యువకుని పరుగులో నిజమైన మనుష్యుని కాలి బరువు కన్పట్టును. తన తమ్ముడు పరుగిడుచుండగా తీసిన చిత్రములను ఆధారము చేసికొని మెక్నర్ ఆ బొమ్మలను దిద్దెను.

ఆశ్చర్యమేమనగా, ఆనాటి యంత్రములకంటె ఎన్నో రెట్లు బలము గల నేటి కంప్యూటరు ఈ చిన్న ఆటను తనంత తాను నడపలేదు. పాత ప్రోగ్రాములు 16 బిట్ల నాటివి. నేటి 64 బిట్ల విండోసు వాని మాట నాలకింపదు. కావున నడుమ నొక దుబాసీ వలయును. దానినే ఎమ్యులేటరందురు. 2002 మొదలు ఉచితముగ లభించుచున్న డాస్‌బాక్స్ అనునది యట్టిది. ఇది నేటి యంత్రములో నొక పాత యంత్రమును కల్పించును. ఆట తన కాలపు ప్రాసెసరును పిలిచినచో ఇది పలుకును; ఆనాటి సౌండు కార్డు నడిగినచో ఆ గొంతుతోనే బదులిచ్చును. ఎదుట నున్నది అసలు యంత్రము కాదని ఆటకు తెలియదు.

ఇందు నాకు మిక్కిలి నచ్చిన సంగతి యొకటి కలదు. కొన్ని పాత ఆటలు కాలమును గడియారముతో గాక యంత్రవేగముతోనే కొలుచుకొనెడివి. అట్టివానిని నేటి వేగమున నడపినచో బొమ్మ కంటికానకముందే ఆట ముగియును. కావున ఎమ్యులేటరు తన బలమును దాచుకొని, లెక్క ప్రకారము నెమ్మదిగ నడువవలెను. గాండీవమును జమ్మిచెట్టుపై దాచి విరటుని కొలువున నాట్యము నేర్పిన బృహన్నల నాకు జ్ఞప్తికి వచ్చినాడు.

ఇది మోసమా? సత్యమును వ్రతముగ బోధించు ఉపాధ్యాయునకు ఈ ప్రశ్న తప్పదు. మా బందరుకు అనతిదూరమున నున్న కూచిపూడిలో పురుషులు స్త్రీవేషము ధరించుట తరతరముల ఆచారము. 2012లో కీర్తిశేషులైన వేదాంతం సత్యనారాయణశర్మగారి సత్యభామను చూచినవారు మోసపోయితిమని ఏడ్చుట నేనెరుగను. వేషమని చెప్పి వేసిన వేషమున అసత్యము లేదు. అయితే చెప్పవలెను. ఆనాటి ఆట అడ్డముగ 320 చుక్కలతో, నిలువుగ 200 వరుసలతో నిండిన చిత్రము. ఆనాటి గాజుతెర దానిని నిలువున సాగదీసి చూపెడిది. సరిదిద్దకుండ నేటి తెరపై పెట్టినచో మన యువకుడు పొట్టివాడై, బలిసినవాడై కన్పట్టును. ఇదియే అసలు ఆటయని అట్టి చిత్రమును పిల్లలకు చూపుట మాత్రము అసత్యమే. గాజుతెర వెలుగులోని ఆ మెత్తదనమును, ఒక్క కంప్యూటరు చుట్టు అయిదుగురము మూగి తోసుకొన్న తోపులాటను ఏ ఎమ్యులేటరును తిరిగి తేజాలదు. తేజాలనని ఒప్పుకొన్నచో దానికి లోపమును లేదు.

కొన్ని ఎమ్యులేటర్లలో ఆటను ఏ క్షణమున నైన నిలిపి, చచ్చినప్పుడు ఆ క్షణమునకే మరలి రావచ్చును. మావాడు దానిని వెంటనే కనిపెట్టినాడు. గంటసేపు ప్రాణభయముతో ఆడవలసిన ఆట వానికి అరటిపండైనది. నాకు కొంచెము కోపము వచ్చినదని దాచను.

అసలు చిక్కు వేరొకచోట నున్నది. ఈ ఆటలో మొదటి అంచె దాటగనే ఒక గది వచ్చును. నేలపై అక్షరముల క్రింద పానపాత్రలుండును. ఆటతో కొనిన చిన్నపుస్తకములో ఫలానా పుటలో, ఫలానా పంక్తిలో, ఫలానా మాట మొదటి అక్షరమేదో చూచి ఆ పాత్రనే త్రాగవలెను. తప్పినచో ప్రాణశక్తి తరుగును. డబ్బిచ్చి కొనినవాడెవడో, కొననివాడెవడో తేల్చుటకు పన్నిన ఉపాయమది. గుడివాడలో మేము ఆడిన దినములలో ఫ్లాపీ చేతినుండి చేతికి మారినది గాని, ఆ పుస్తకమును చూచినవాడు మాలో నొక్కడును లేడు. కండ్లు మూసికొని త్రాగెడివారము.

1957 నాటి మన కాపీరైటు చట్టము, ప్రోగ్రామును సక్రమముగ పొందినవాడు నష్టభయముచే దానికి ప్రతి తీసికొనవచ్చునని సెలవిచ్చినది. సక్రమముగ అను మాటయొద్దనే నా కాలు జారినది.

తాళపత్రములకు ప్రతులు వ్రాసినవారు ఎవరి అనుమతి నడిగిరని మిత్రుడొకడు వాదించెను. బందరులోను కడపలోను ఉద్యోగము చేసిన సి. పి. బ్రౌను పండితులచే ప్రతులు వ్రాయింపకున్న మన కావ్యములు కొన్ని చెదలపాలయ్యెడివనుట నిజము. కాని వేమన నోటికూడు బ్రౌను తీయలేదు. మెక్నర్ జీవించియున్నాడు, ఆ పేరుతో ఆటలు వెలువరించు ఫ్రెంచి కంపెనీ యును జీవించియున్నది. దారిద్ర్యము మా దోషమునకు కారణమగును గాని సమర్థనము కాదు.

అయినను రెండవ పక్కయు చూడవలెను. ఆపిల్ యంత్రమునకై తాను వ్రాసిన మూలరచన పోయినదని మెక్నర్ తలచుచుండగా, 2012లో ఆయన తండ్రికి ఒక పెట్టెలో ఆ పాత డిస్కులు దొరికినవి. అయస్కాంతపు వ్రాత కాలక్రమమున వెలిసిపోవును గనుక నిపుణులు జాగ్రత్తగ దానిని కొత్త యంత్రమునకు దింపిరి. ఆయన దానిని లోకమంతయు చదువుకొనునట్లు ప్రకటించెను. అందరకును అట్టి తండ్రి యుండడు. 2010కి ముందు అమెరికాలో వెలువడిన ఆటలలో నూటికి 87 నేడు అంగడిలో కొనుటకు లేవని అచటి వీడియోగేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్క తేల్చినది. అట్టివానిని పరిశోధకులు దూరమునుండి చూచుటకు గ్రంథాలయముల కనుమతి నిండని కోరగా, 2024లో ఆ దేశపు కాపీరైటు కార్యాలయము నిరాకరించినది. కంపెనీల భయము నాకు తెలియనిది కాదు. కాని నిజాయితీగ దాచువానిని వలదన్నచో దాచు పని దొంగకే మిగులును. కొనుటకు వీలున్న ఆటను దొంగిలించుట తప్పు; కొనుటకు వీలు లేనిదానిని గ్రంథాలయమున కీయకుండుటయు తప్పే యని నా నిశ్చయము. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో ఇంటి కాగితములన్నియు నీటిపాలైన దివిసీమవారికి, దాచుట యన నేమో వేరుగ చెప్ప నక్కరలేదు.

ఆ రాత్రి మావాడు పాత్రల గదికి చేరినాడు. తెరపై వ్రాత చదివి నా వైపు తిరిగి, "మామయ్యా, ఆ పుస్తకమేది?" అని యడిగెను.

"అది మా యొద్ద ఎన్నడును లేదురా" అంటిని.

"అయితే కొనలేదా?"

"లేదు."

వాడు కొంతసేపు నా ముఖము చూచి, మరల తెరవైపు తిరిగి, ఊహించి ఒక పాత్ర త్రాగెను.